చెన్‌స్తొహోవా యాత్ర ఎలా చేయాలి: తెర వేళ తప్పిపోకుండా

పోలండ్‌లో చదువుకుంటున్న మన పిల్లలు, వాళ్ళను చూడటానికి వచ్చే తల్లిదండ్రులు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఇది: "చెన్‌స్తొహోవాలో నల్ల మరియమాత పటం చూడాలి, ఒక్క రోజులో అవుతుందా?" అవుతుంది. కానీ చాలామంది రైలు టికెట్ ముందు కొని, మిగతాది వెళ్ళాక చూద్దామనుకుంటారు. తీరా వెళ్ళేసరికి పటం మీద తెర దించి ఉంటుంది. అది మళ్ళీ లేచేలోపు తిరుగు రైలు వేళ అయిపోతుంది. అందుకే ఇక్కడ వరుస తిరగేసి చెప్తున్నాం: ముందు తెర వేళలు, తర్వాత రైలు.

రెండు ముక్కల్లో నేపథ్యం. ఊరి పేరు చెన్‌స్తొహోవా, మఠం ఉన్న కొండ పేరు యాస్నా గూరా. గూరా అంటే కొండ. మఠాన్ని 1382లో స్థాపించారు, పటం 1384లో ఇక్కడికి చేరింది. అప్పటినుంచీ పౌలిన్ సభ (ఒక కతోలిక సన్యాసుల సభ) గురువులే చూసుకుంటున్నారు. 1430లో దోపిడీదారులు పటాన్ని పాడుచేశారు. మరియమాత కుడి చెంప మీద కనిపించే కత్తిగాట్లు ఆ దాడి గుర్తులే. 1655లో స్వీడన్ సైన్యం ముట్టడించినా మఠం లొంగలేదు. పోలిష్ వాళ్ళకు ఇది గుడి మాత్రమే కాకుండా దేశ చిహ్నం కూడా కావడానికి ఆ ముట్టడే పెద్ద కారణం.

కావలసినవి

- పాస్‌పోర్ట్, లేదా పోలండ్ నివాస కార్డు (కార్తా పొబితు). ఫోన్‌లో ఫోటో ఉంటే చాలదు, అసలుదే పట్టుకెళ్ళండి.
- విద్యార్థులైతే పోలండ్ విశ్వవిద్యాలయం ఇచ్చిన విద్యార్థి కార్డు.
- బ్యాంకు కార్డుతో పాటు కొంత నగదు జ్వోతీల్లో (పోలండ్ డబ్బు). అందులో చిల్లర నాణేలు తప్పకుండా ఉండాలి. మరుగుదొడ్లకి, కానుకపెట్టెకి, కొవ్వొత్తులకి అవే పనికొస్తాయి.
- భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు. చుడీదార్, చీర నిక్షేపంగా సరిపోతాయి. ఎండాకాలమైనా ఒక పల్చటి శాలువా ఉంచుకోండి.
- మెత్తటి అడుగున్న బూట్లు. ఆ రోజు ఎనిమిది పది కిలోమీటర్లు నడవడం మామూలే.
- చిన్న సంచి. పెద్ద సూట్‌కేసుతో చాపెల్‌లోకి (పటం ఉన్న చిన్న ప్రార్థనా మందిరం) దూరితే మీకూ ఇబ్బందే, పక్కవాళ్ళకూ ఇబ్బందే. బస చేసే చోట దించి రండి.

1. రోజు ఎంచుకోండి

మొదటిసారి వెళ్తుంటే మే, జూన్, సెప్టెంబరు నెలల్లో మంగళవారం నుంచి గురువారం మధ్య ఏదో ఒక రోజు మంచిది. మే 3, ఆగస్టు 15, ఆగస్టు 26 పెద్ద పండుగలు. ఆగస్టు 15 మరియమాత మోక్షారోపణ పండుగ. దానికి ముందు నాలుగైదు రోజులు దేశం నలుమూలల నుంచి కాలినడకన వచ్చే గుంపులతో ఊరు నిండిపోతుంది. ఆ సందడి చూడాలనుకుంటేనే అప్పుడు వెళ్ళండి. పటం ముందు పది నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోవాలనుకుంటే మాత్రం ఆ వారం వద్దు.

మే 3, ఆగస్టు 15 పోలండ్‌లో సెలవు దినాలు, సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. ఏడాదిలో ఎక్కువ ఆదివారాల్లో కూడా అంతే. జాప్కా లాంటి చిన్న దుకాణాలు కొన్ని తెరిచి ఉంటాయి కానీ, నీళ్ళు, బిస్కెట్లు ముందురోజే కొనుక్కోవడం క్షేమం.

డిసెంబరులో వెళ్తే సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడుతుంది. బయట తిరిగే పనులన్నీ మధ్యాహ్నం లోపే పెట్టుకోండి.

2. తెర వేళలు రాసుకోండి

పటం రోజంతా కనిపించదు. దాని మీద లోహపు తెర ఉంటుంది. అది లేచేటప్పుడు, దిగేటప్పుడు బాకాలు, వాద్యాలు మోగుతాయి. మామూలు క్రమం ఇది:

- తెల్లవారి 6:00కి తెర లేస్తుంది.
- మధ్యాహ్నం 12:00కి దిగుతుంది. శని, ఆదివారాల్లో 13:00కి.
- 13:30కి మళ్ళీ లేస్తుంది. శని, ఆదివారాల్లో 14:00కి.
- రాత్రి 21:00కి అపెల్ అనే ప్రార్థన, అది అయ్యాక సుమారు 21:20కి దిగుతుంది.

పండుగ రోజుల్లో, పెద్ద యాత్రా గుంపులు వచ్చినప్పుడు ఈ వేళలు మారతాయి. వెళ్ళే ముందురోజు మఠం వెబ్‌సైట్‌లో ఒకసారి చూడండి. అక్కడికి చేరాక తలుపు దగ్గరి బోర్డు చదవండి. రెండు మాటలు గుర్తుంటే చాలు: "ఒత్‌స్వొన్యెంచె" అంటే తెర తీయడం, "జాస్వొన్యెంచె" అంటే తెర వేయడం. మొదటి అక్షరం చూసి పోల్చుకోవచ్చు, ఓ తో మొదలైతే తీయడం, జెడ్ తో మొదలైతే వేయడం.

చాపెల్ లోపలి దృశ్యం ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా వస్తుంది. రైల్లో కూర్చుని ఫోన్‌లో చూస్తే ఆ నిమిషానికి తెర లేచి ఉందో లేదో తెలిసిపోతుంది.

ఇక ఏ వేళకి వెళ్ళాలి? 13:30కి తెర తీయడం చూసేలా వెళ్ళమని మా సలహా. పటం ఎప్పుడైనా చూడొచ్చు కానీ, తెర మెల్లగా పైకి లేస్తుంటే చాపెల్ అంతా ఒక్కసారి మోకరిల్లడం వేరు. రాత్రి ఉండగలిగితే తెల్లవారి 6 గంటల వేళ ఇంకా మంచిది. జనం తక్కువ, టూరిస్టు గుంపులు అప్పటికి లేవవు.

3. రైలు టికెట్ కొనండి

ఊరి పేరు వెతికేటప్పుడు పోలిష్ గుర్తులు అక్కర్లేదు. సి-జెడ్-ఇ-ఎస్-టి-ఓ-సి-హెచ్-ఓ-డబ్ల్యు-ఎ అని కొట్టినా వస్తుంది. సుమారు ప్రయాణ సమయాలు: వార్సా నుంచి రెండు, రెండున్నర గంటలు, వ్రోత్స్వావ్ నుంచీ దాదాపు అంతే, క్రాకూవ్ నుంచి గంటన్నర నుంచి రెండు గంటలు, కతొవిత్సె నుంచి గంట, గంటంబావు. దగ్గరి విమానాశ్రయం కతొవిత్సెది. అది పిజొవిత్సె దగ్గర ఉంది.

ఇక్కడ మూడు తప్పులు తరచుగా జరుగుతాయి.

మొదటిది స్టేషన్. ఊళ్ళో ప్రధాన స్టేషన్ కాక చెన్‌స్తొహోవా స్త్రాదోమ్ అని ఇంకొకటి ఉంది. వార్సా, వ్రోత్స్వావ్ మధ్య నడిచే కొన్ని వేగపు రైళ్ళు స్త్రాదోమ్‌లోనే ఆగుతాయి. వెళ్ళేటప్పుడు ఏది దిగినా పర్లేదు, రెండూ కొండకు రెండు రెండున్నర కిలోమీటర్లలోపే. తిరుగు ప్రయాణంలోనే చిక్కు. టికెట్ మీద స్త్రాదోమ్ అని ఉంటే ప్రధాన స్టేషన్‌కి పోయి నిలబడకండి.

రెండోది కంపెనీ. పీకేపీ ఇంటర్‌సిటీ టికెట్‌తో కొలెయె శ్లోంస్కియె రైలు ఎక్కకూడదు, దాని టికెట్‌తో దీన్నీ ఎక్కకూడదు. కతొవిత్సె నుంచి రెండు రకాలూ నడుస్తాయి కాబట్టి అక్కడే ఎక్కువమంది జరిమానా కడతారు. టికెట్ మీది కంపెనీ పేరు, రైలు నంబరు రెండూ బోర్డుతో సరిపోల్చండి.

మూడోది రాయితీ. విద్యార్థులకు రెండో తరగతిలో 51 శాతం తగ్గింపు ఉంది, కానీ 26 ఏళ్ళు నిండేవరకే. ఎంఎస్ చేస్తున్నవాళ్ళలో చాలామందికి ఆ వయసు దాటి ఉంటుంది. కార్డు చెల్లుబాటులో ఉన్నా సరే, వయసు దాటితే రాయితీ లేదు. ఇండియా కాలేజీ కార్డు చూపిస్తే ఒప్పుకోరు. రైల్లో టికెట్‌తో పాటు గుర్తింపు కార్డు కూడా అడుగుతారు.

ఇంకొకటి, ఇది రైలు ఎక్కేటప్పుడు. బోర్డు మీద రెండు అంకెలు ఉంటాయి: పెరోన్, తోర్. పెరోన్ అంటే ప్లాట్‌ఫాం, తోర్ అంటే పట్టాలు. "పెరోన్ 2, తోర్ 3" అని ఉంటే మీరు రెండో ప్లాట్‌ఫాంకి వెళ్ళి, మూడో నంబరు పట్టాల వైపు నిలబడాలి. మన దగ్గర ఒకే అంకె అలవాటు కాబట్టి 3 చూసి మూడో ప్లాట్‌ఫాంకి పరుగెత్తుతాం. గోడ మీది కాగితపు పట్టికల్లో పసుపుది బయల్దేరే రైళ్ళది, తెల్లది వచ్చే రైళ్ళది.

4. స్టేషన్ నుంచి కొండకు

ప్రధాన స్టేషన్ నుంచి వొల్నొష్చి వీధి వైపు బయటికి వచ్చి కుడికి తిరగండి. కాసేపట్లో ఊరి పెద్ద రహదారి అడ్డంగా తగులుతుంది. దాని పేరు మరియమాత మీదే ఉంది. అక్కడ ఎడమకి తిరిగితే ఎదురుగా గోపురం కనిపిస్తుంది. ఇక మ్యాప్ కూడా అక్కర్లేదు, గోపురం చూస్తూ నడవడమే. గోపురం ఎత్తు 106 మీటర్లు, దారి తప్పడం కష్టం. తీరిగ్గా నడిస్తే అరగంట.

ట్రామ్ ఎక్కుదామనుకోకండి. అది ఊరిని ఉత్తరం నుంచి దక్షిణానికి కోస్తూ పోతుంది, కొండకు వెళ్ళదు. పెద్దవాళ్ళు వెంట ఉంటే యాప్‌లో టాక్సీ పిలవండి. నిటారు ఎక్కుడు కాదు కానీ, చివర్లో వాలు ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి తెలుస్తుంది.

5. చాపెల్‌లోకి

ప్రాకారం దాటడానికి ఒకదాని వెనక ఒకటిగా నాలుగు ద్వారాలున్నాయి. లోపల బసిలికా అనే పెద్ద దేవాలయం ఒకటి, దాని పక్కనే మరియమాత చాపెల్. పటం చాపెల్‌లో ఉంటుంది, బసిలికాలో కాదు. బసిలికా పైకప్పు, బంగారు అలంకారం చూసి అదే అసలు చోటనుకుని అక్కడే కూర్చుండిపోయేవాళ్ళున్నారు. "గ్జె యెస్త్ కప్లిత్సా?" అని అడగండి, చాపెల్ ఎక్కడ అని. ఎవరైనా చెయ్యి చూపిస్తారు.

లోపలికి టికెట్ లేదు. ప్రత్యేక దర్శనం లేదు, వీఐపీ వరుస లేదు. గుణదల వెళ్ళే అలవాటున్నవాళ్ళకి కొన్ని తేడాలు: చెప్పులు విప్పనక్కర్లేదు, విప్పితే వింతగా చూస్తారు. కొబ్బరికాయలు, తలనీలాలు ఇక్కడ లేవు. మగవాళ్ళు టోపీ తీసేయాలి. ఏ మతం వాళ్ళయినా రావచ్చు, ఎవరూ అడగరు.

తెర తీసే వేళకి మామూలు రోజుల్లో ఇరవై నిమిషాలు, ఆదివారం నలభై నిమిషాలు ముందు లోపల ఉండండి. చాపెల్ చిన్నది. మధ్యలో ఇనుప కటకటాల అడ్డు ఉంది. దానికి అవతలి భాగం పటానికి దగ్గర, కానీ త్వరగా నిండిపోతుంది. వెనక నిలబడాల్సి వస్తే నడిమధ్యలోనే నిలబడండి. పక్కకు పోతే కటకటాలూ తలలూ తప్ప ఏమీ కనబడవు.

మీరు చూస్తున్నది పటమేనా, తెరా? ఇది నవ్వులాట కాదు. మెరిసే తెరను చూసి దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు. సరిచూసుకునే పద్ధతి: నల్లని రెండు ముఖాలు కనబడాలి, తల్లిది, బిడ్డది. తల్లి కుడి చెంప మీద పక్కపక్కనే రెండు పొడవాటి గీతలుండాలి. పటం సుమారు 122 సెంటీమీటర్ల ఎత్తు, 82 వెడల్పు మాత్రమే, అనుకున్నంత పెద్దది కాదు. ఎక్కువ రోజుల్లో దాని మీద రత్నాలు పొదిగిన వస్త్రం తొడిగి ఉంచుతారు కాబట్టి ముఖాలు, చేతులు తప్ప మిగతా చిత్రం కనబడదు. ఇంటర్నెట్‌లో చూసిన ఫోటోకీ దీనికీ రంగులు కలవకపోతే కంగారు పడకండి, వస్త్రాలు మారుస్తుంటారు.

6. పీఠం చుట్టూ మోకాళ్ళ మీద

పటం ఉన్న పీఠం వెనకనుంచి చుట్టి వచ్చే సన్నటి దారి ఉంది. భక్తులు అందులో మోకాళ్ళ మీద వెళ్తారు. ఇది తప్పనిసరి కాదు. వెళ్ళాలనుకుంటే ముందు వెళ్ళేవాళ్ళను చూసి అదే వైపు నుంచి చేరండి, ఎదురు వెళ్తే ఇరుక్కుపోతారు. నేల రాయి. చీర కట్టుకున్నవాళ్ళు కుచ్చిళ్ళు కొంచెం పైకి దోపుకోకపోతే మోకాలి కింద పడి లాగేస్తాయి. మోకాళ్ళు ఒప్పుకోనివాళ్ళు కింద కూర్చుని ప్రార్థించుకుంటే చాలు. పూజ జరుగుతున్నప్పుడు ఈ ప్రదక్షిణకు బయల్దేరకండి.

గోడల మీద వేలాడే వెండి బొమ్మలు, జపమాలలు, ఊతకర్రలు అన్నీ మొక్కుబడి కానుకలు. ఫ్లాష్ వేసి ఫోటోలు తీయకూడదు. పూజ సమయంలో అసలే వద్దు.

7. పూజ, పాపసంకీర్తనం, మొక్కు పూజ

పూజలు పోలిష్‌లో జరుగుతాయి. క్రమం మీకు తెలిసిందే కాబట్టి తెలుగులో మనసులో చెప్పుకుంటూ అనుసరించవచ్చు. దివ్యసత్ప్రసాదం ఇక్కడ ఎక్కువమంది మోకరించి నాలుక మీదే తీసుకుంటారు. కతోలికులు కానివాళ్ళు ఆ వరుసలోకి వెళ్ళకుండా చోటులోనే ఉండాలి. పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, ఇంగ్లిష్ వచ్చే గురువు కావాలంటే సమాచార కేంద్రంలో అడగండి. ఆ మాట పోలిష్‌లో "స్పొవ్యెచ్".

మీవాళ్ళ పేరున పూజ చెప్పించాలంటే "ఇంతెంత్స్యా" అని అడగాలి. పేరు, ఉద్దేశం ఇంగ్లిష్ అక్షరాల్లో కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. తెలుగు పేరు నోటితో చెప్తే వాళ్ళు రాసుకునేది మీరు గుర్తుపట్టలేరు. అదేరోజు ఆ పూజ జరుగుతుందని ఆశ పెట్టుకోకండి, తేదీ అడిగి రాసుకోండి.

8. తెర దిగిన గంటన్నర

12:00 నుంచి 13:30 వరకు చాలామంది చాపెల్ బయట ఊరికే కూర్చుంటారు. ఆ సమయంలో ఖజానా, మఠానికి ఆరు వందల ఏళ్ళు నిండిన సందర్భంగా పెట్టిన మ్యూజియం చూడొచ్చు. పోలండ్ మాజీ అధ్యక్షుడు లెహ్ వవెన్సా 1983 నోబెల్ శాంతి బహుమతి పతకం ఆ మ్యూజియంలోనే ఉంది. గోపురానికి 516 మెట్లు. ఏడాది పొడవునా తెరవరు. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్ళకి వద్దు. ప్రాకారం చుట్టూ ఉన్న సిలువ మార్గంలో కంచు శిల్పాలున్నాయి, చుట్టి రావడానికి నలభై నిమిషాలు పెట్టుకోండి.

9. తిండి

మాంసం తిననివాళ్ళకి పియెరోగి రుస్కియె దిక్కు. బంగాళాదుంప, పాలవిరుగు పెట్టి ఉడికించిన కజ్జికాయల్లాంటివి. అయితే వాటిమీద వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లి తెస్తారు, మెనూలో ఆ సంగతి రాసి ఉండకపోవచ్చు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే "బెస్ స్క్వారెక్" అనండి. "బెజ్ మ్యెంసా" అంటే మాంసం లేకుండా అని, కానీ ఆ మాట ఒక్కటే అంటే కొవ్వు ముక్కలు వచ్చే ప్రమాదం ఉంది. జురెక్ అనే పుల్లటి సూప్‌లో సాసేజ్ ఉంటుంది. ఆలూ అట్లు (ప్లాత్స్‌కి) సాధారణంగా పర్లేదు, గుడ్డు కలుస్తుంది. మీగడ వేసి ఇస్తారు, మాంసపు గ్రేవీతో ఇచ్చే రకం కూడా ఉంది, చూసి అడగండి. పచ్చడి పొట్లం వెంట ఉంటే పియెరోగి రుచి మారిపోతుందని వేరే చెప్పాలా.

మరుగుదొడ్డి తలుపు మీద అక్షరాలు లేకుండా బొమ్మలే ఉంటే: గుండ్రం ఆడవాళ్ళకి, త్రికోణం మగవాళ్ళకి.

ఏటీఎంలో డబ్బు తీస్తుంటే "రూపాయల్లో లెక్క కట్టమంటారా" అని తెర మీద అడుగుతుంది. వద్దని, జ్వోతీల్లోనే తీసుకోండి. ఒప్పుకుంటే మారకం రేటు వాళ్ళు చెప్పిందే.

10. రాత్రి అపెల్, తిరుగు ప్రయాణం

21:00 అపెల్ పాటలు, ప్రార్థన, ఆశీర్వాదంతో ఇరవై నిమిషాల్లో ముగుస్తుంది. చాపెల్ నుంచి స్టేషన్‌కి అరగంట పడుతుంది కాబట్టి 22:00 లోపు రైలు పెట్టుకోకండి. ఆ తర్వాత రైళ్ళు తక్కువ. కాబట్టి అపెల్‌కి ఉండాలంటే రాత్రి బస చేయడమే తెలివైన పని. మఠం పక్కనే యాత్రికుల సత్రం ఉంది, దోమ్ పియెల్‌గ్జిమా అంటారు. ఆగస్టు గదులు ఎప్పుడో అయిపోతాయి, నెలల ముందే రాయండి.

ఒకే రోజులో ఆష్విట్జ్, చెన్‌స్తొహోవా రెండూ చూపిస్తామనే టూర్లు క్రాకూవ్‌లో ఉన్నాయి. మేమైతే వద్దంటాం. తెర వేళకి అందుతారో లేదో బస్సు చేతిలో ఉంటుంది. పైగా పొద్దున ఆ మారణహోమపు చోటు చూసి, మధ్యాహ్నానికి ఇక్కడికి ఉరుకులు పరుగుల మీద వస్తే రెండిటికీ న్యాయం జరగదు.

కాలినడకన రావాలనుకుంటే

వార్సా నుంచి 1711 నుంచీ నడుస్తున్న యాత్ర ఒకటి ఉంది. ఆగస్టు 6న దువుగా వీధిలోని పౌలిన్ సభ దేవాలయం నుంచి బయల్దేరి 14న కొండకు చేరుతుంది. రోజుకి పాతిక ముప్ఫై కిలోమీటర్లు నడవాలి. ముందుగా పేరు రాయించుకుని, రుసుము కట్టి, ఒక గుంపులో చేరాలి. పెద్ద సామాను లారీలో వస్తుంది, మీ భుజాన నీళ్ళు, వాన కోటు, ఒక పూట తిండి ఉంటే చాలు. రాత్రుళ్ళు గుడారంలోనో, ఊరివాళ్ళు ఇచ్చిన చోటో పడుకోవాలి.

ఎక్కువమంది రెండో మూడో రోజే ఆగిపోవడానికి కారణం అలసట కాదు, కాలి బొబ్బలు. కొత్త బూట్లు కొని బయల్దేరడమే తప్పు. కనీసం నెల రోజులు వేసుకుని నడిచిన బూట్లే వేసుకోండి. నూలు మేజోళ్ళు చెమట పట్టి ఒరుసుకుంటాయి, నడకకి అమ్మే ఉన్ని లేదా సింథటిక్ రకం వాడండి. ప్రతి విరామంలో బూట్లు విప్పి పాదాలు ఆరబెట్టండి. ఎర్రబడిన చోట మంట మొదలవగానే టేపు వేయండి, బొబ్బ లేచేదాకా ఆగొద్దు. జూలైలో వరుసగా రెండు రోజులు, రోజుకి ఇరవై కిలోమీటర్ల చొప్పున నడిచి చూడండి. మూడో రోజు పొద్దున మెట్లు దిగేటప్పుడు మోకాళ్ళు కేకలు పెట్టకపోతే మీరు సిద్ధం.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఒక మాట: ఇంటర్నెట్‌లో ఈ పేరు వెతికితే పెన్సిల్వేనియాలోని డాయిల్స్‌టౌన్ కూడా వస్తుంది. అక్కడ ఇదే పౌలిన్ సభ గురువులు నడిపే చెన్‌స్తొహోవా మాత పుణ్యక్షేత్రం ఉంది. పోలండ్ దాకా రాలేనివాళ్ళకి అది మంచి ప్రత్యామ్నాయం. కానీ పోలండ్ యాత్రకి గది బుక్ చేస్తున్నప్పుడు మాత్రం డబ్బు కట్టేముందు దేశం పేరు ఒకసారి చూసుకోండి.